రీలు లేని కెమెరా

శంషాబాద్ బస్టాండు వెనక ఫోటో స్టూడియో నడిపే జగదీశ్‌కు పెద్దల నుంచి ఆస్తిపాస్తులేమీ రాలేదు. పిచ్చి మాత్రం వచ్చింది, అదీ మూడు తరాలది.

ఏటా దసరా తర్వాతి ఆదివారం కొత్తూరు అవతల బీడులో మెకానిక్కులంతా కలిసి పాతకార్ల పందెం పెడతారు. సీట్లు పీకేసి, ఇనుప పైపులు బిగించిన అంబాసిడర్లు, ఫియట్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ మట్టిలో గుండ్రంగా ఉరుకుతాయి. వాటిని తాత అనంతయ్య డబ్బా కెమెరాతో తీశాడు. తండ్రి బాలమల్లు రీలు కెమెరాతో నలభై ఏళ్లు తీశాడు. ఇప్పుడు జగదీశ్ డిజిటల్ కెమెరాతో తీస్తున్నాడు. కాకపోతే అతను మీట నొక్కేసరికి కారు వెళ్లిపోయేది. దుమ్ము మాత్రం చాలా అందంగా పడేది.

చేతులు వణుకుతున్నాయని రెండేళ్ల కిందట కెమెరా బీరువాలో పెట్టేసిన బాలమల్లు, ఈ ఏడు ఉన్నట్టుండి నోరు విప్పాడు.

"జగ్గా, నా కెమెరాల రీలెయ్యి. ఈసారి నేను గూడ తీస్త."

జగదీశ్ తండ్రి చేతుల వంక చూశాడు. చాయ్ గ్లాసుకే రెండు చేతులు కావలసిన మనిషి! ఫోటోలన్నీ అలికినట్టొస్తే ఆ మొహం ఎలా చూడాలి? అందుకే గురువారం పొద్దున ఖాళీ కెమెరాను తండ్రి చేతిలో పెట్టి, "రీలేసిన బాపు," అన్నాడు.

మిగతా పథకం వంటింట్లో భార్య స్వర్ణలత చెవిన వేశాడు.

"బాపు ఉత్త కెమెరా నొక్కుతడు. నేను అవతలి పక్క టైర్ల సాటుకు కూసోని అసలు ఫోటోలు తీస్త. గవ్వే నలుపు తెలుపుల ప్రింటు కొట్టి, నువ్వు తీసినవే బాపూ అని ఇస్త."

"రీలు కొనుక్కరారాదు?"

"ఇయ్యాల్రేపు రీలంటే, ఏ పాటకు డాన్సు చేస్తవని అడుగుతరు."

"అయితే మామను మోసం జేస్తవా?"

"మోసం కాదే. ప్రేమ."

"నీ ప్రేమ నాకెర్క లేదా? పెండ్లికి ముందు ఎవరిదో బెంజి కారు పక్కన దిగిన ఫోటో పంపినవ్."

"కారు నాదని చెప్పిన్నా?"

"చెప్పలే. డోరు మీద చెయ్యేసినవ్."

ఆదివారం బీడులో తాడు పక్కన కుర్చీ వేసి తండ్రిని కూర్చోబెట్టాడు జగదీశ్. పక్కన స్వర్ణలత నిలబడింది. "చాయ్ తెస్త" అని చెప్పి చుట్టూ తిరిగి వెళ్లి, మలుపు దగ్గర పేర్చిన టైర్ల వెనక నక్కాడు.

పందెంలో జల్‌పల్లి సఖావత్ ఉన్నాడు. అతని అంబాసిడర్‌కు సైలెన్సర్ లేదు. అతని నోటికీ లేదు. అందుకే మెకానిక్కులందరికీ అతను 'సైలెన్సర్ సఖావత్'. మూడో చుట్టులో ఆ కారు మలుపు తిరగడం మరిచిపోయింది.

కెమెరాకు కన్నానించిన జగదీశ్ మురిసిపోయాడు. కారు పెద్దగా కనిపిస్తోంది. ఇంకా పెద్దగా కనిపిస్తోంది. తన జన్మలో ఇంత పెద్ద కారు ఫోటోలో పడలేదు.

"హటో జగదీశ్ భాయ్! బ్రేకు పడ్తలేదు!"

అప్పుడు లేచి ఉరికాడు. కెమెరా కారు చక్రం కింద పడి నుగ్గయింది. జగదీశ్, ట్యాంకరు నీళ్లు నిలిచిన గుంటలో బోర్లా పడ్డాడు. కారు టైర్లను గుద్ది ఆగాక సఖావత్ దిగి, ఆదరంగా అడిగాడు.

"ఫోటో మంచిగొచ్చిందా భాయ్?"

నాలుగు రోజులు జగదీశ్ తండ్రికి ఎదురుపడలేదు. ఐదో రోజు అబద్ధాన్ని నాలుగుసార్లు వల్లె వేసుకుని వెళ్లాడు.

"బాపు, నీ రీలు ఖరాబైంది. ఎండ తగిలిందంట."

"గట్లనా?" అంటూ బాలమల్లు దిండు కింది నుంచి కవరు తీశాడు.

ముప్పై ఆరు ఫోటోలు! మొదటి ఐదూ, చివరి నాలుగూ అలికినట్టున్నాయి. మిగతా వాటి నిండా జగదీశే. టైర్ల వెనక నక్కిన జగదీశ్. దొంగలా తల ఎత్తిన జగదీశ్. ఒకదాంట్లో నోరు తెరిచి, రెండు కాళ్లూ గాలిలో ఉండగా, వెనకే అంబాసిడర్, లేచిన మట్టిలో బెడ్డ బెడ్డా లెక్కపెట్టేంత స్పష్టంగా.

"రీలెక్కడిది?"

"రీలుంటే, దాన్ని జరిపే మీట తిప్పినప్పుడు ఇవతలి గుండీ గూడ తిరగాలె రా. తిరగలే. నువ్వేమో నాకోసం సంబురంగ అబద్ధమాడుతున్నవ్. ఎందుకు చెడగొట్టాలని కోడల్ని కోఠికి పంపిన."

"శుక్రారం చీరకు ఫాల్ తెస్తనని పోయిన గదా," అంది గుమ్మంలోంచి స్వర్ణలత. "గప్పుడే తెచ్చిన. కడిగించుకొచ్చింది గూడ నేనే."

జగదీశ్ తల వంచుకున్నాడు. "కార్లను తియ్యక నన్నెందుకు తీసినవ్ బాపు?"

"కార్లను శానా జూసిన బిడ్డా. నా కొడుకు నాకోసం గంత ఉరుకుడు ఎన్నడు జూడలే."

జగదీశ్ ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "చేతులు వణుకుతయి గదా, గింత సాఫ్‌గ ఎట్లొచ్చింది?"

"నా చేతులు వణుకుతయి. నా కోడలి భుజం వణుకదు గదా! దాని మీద కెమెరా ఆనిచ్చి తీసిన."

"ఊపిరి బిగవట్టు బిడ్డా అన్నడు మామ, బిగవట్టిన," అంది స్వర్ణలత. "నువ్వు బురదల వడ్డంక ఇగ నాతోని కాలే. నవ్వీ నవ్వీ సచ్చిన. ఆఖరి నాలుగు గందుకే అలికినయి."

జగదీశ్ ఆ నాలుగు ఫోటోలూ ఏరి, భద్రంగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.