చింతలదొరువు నీళ్లు: ముదురు పసుపు

మనిషి నీళ్లు తాగి బతుకుతాడన్నది పాతకాలపు అభిప్రాయం. స్వాతంత్ర్యం వచ్చి పదిహేడేళ్లయిన దేశంలో మనిషి బతికేది నీళ్ల మీద కాదు, ఆ నీళ్లు తాగదగినవని ఒక ఉద్యోగి సంతకం పెట్టిన రిజిస్టరు మీద. రిజిస్టరు బాగుంటే నీళ్లు బాగున్నట్టే. నీళ్లు బాగుండి రిజిస్టరు బాగా లేకపోతే, ఆ నీళ్లు తాగినవాడు తన పూచీ మీద తాగినట్టు.

ఈ సంగతి మొదట గ్రహించినది గుంటూరులోని జలవర్ణ విభాగం. నీళ్లలో క్రిములు చచ్చాయో లేదో కంటికి కనిపించదు. కనిపించని దాన్ని తనిఖీ చేయడం కష్టం. రంగయితే కనిపిస్తుంది. అందుచేత ఆ విభాగం వారు అద్దంకి వైపు ఉన్న చింతలదొరువు అనే ఊళ్లో, మంచినీళ్ల ట్యాంకు గొట్టం పక్కన ఒక యంత్రం బిగించారు. అద్దం తలుపున్న చిన్న చెక్కపెట్టె అది. లోపల ఒక గాజు గొట్టం, దాని మీద మందు సీసా. గొట్టంలోకి కాసిని నీళ్లు వస్తాయి, సీసాలోంచి ఒక చుక్క పడుతుంది. ట్యాంకులో వేసిన బ్లీచింగ్ పొడి తాలూకు క్లోరిన్ నీళ్లలో మిగిలి ఉంటే, ఆ నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. లేకపోతే తిరగవు. ఇంతే యంత్రం. (దీన్ని వివరించే పుస్తకం నూట నలభై పేజీలు. అందులో అద్దం గురించి ఒక్క ముక్క లేదు.)

యంత్రం పెట్టిన ఆరు నెలలకు ఆ బ్లాకుకి హెల్త్ ఇన్‌స్పెక్టరుగా ఇమ్మానియేలు వచ్చాడు. వాళ్ల వంశంలో బి.యస్సీ. చదివిన మొదటివాడు. వాళ్ల నాన్న పొగాకు ఆకు కాల్చే బ్యారన్ల పొయ్యిల్లో కట్టెలు ఎగదోసి చదివించాడు. పుస్తకంలో ఏది రాసి ఉంటే అది లోకంలో కూడా ఉంటుందని ఇమ్మానియేలు నమ్మకం. ఉద్యోగంలో చేరి అప్పటికి నలభై రోజులే అయింది గనక ఆ నమ్మకాన్ని తప్పు పట్టకూడదు.

బ్లాకులోని పంతొమ్మిది ఊళ్లలో యంత్రం ఉన్నది చింతలదొరువుకే, దాని రిజిస్టరు మేలిమి రిజిస్టరు. రోజుకు మూడు పూటలు, ఆరు నెలలు, ఒక్క పూట కూడా తప్పకుండా 'ముదురు పసుపు' అని రాసి ఉంది. అంత ముదురు పసుపు ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు. క్లోరిన్ దండిగా ఉన్న ఊరికి మళ్లీ పొడి పంపడం దుబారా కాబట్టి, మొదటి డ్రమ్ము తర్వాత రెండో డ్రమ్ము పంపలేదు. మొదటి డ్రమ్ము రెండో నెలలోనే అయిపోయింది. రంగు మాత్రం తగ్గలేదు. ఇంత పొదుపైన ఊరు జిల్లాలో మరొకటి లేదని పై ఆఫీసు మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది.

ఆ ఉత్తరం వచ్చిన వారంలోనే ఆ ఊళ్లో తొమ్మిది ఇళ్లలో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి.

ఇమ్మానియేలు సైకిలేసుకుని వెళ్లాడు. ట్యాంకు కాపలా పేరయ్యది. పేరయ్య ఇంట్లోనే ఒకరు మంచం పట్టారు. పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురు వెంకటేశ్వరమ్మకు ఎనిమిదో నెల, మూడు రోజులుగా ఏదీ కడుపులో నిలవడం లేదు. ఆమె తల్లి పున్నమ్మ గుక్కెడు గుక్కెడు గంజి పట్టిస్తూ కూర్చుంది. ఆ గంజి కాచింది మంచి నీళ్లతోనేనా అని ఇమ్మానియేలు అడిగాడు. ట్యాంకు నీళ్లేనని, ఊళ్లో అంతకన్నా మంచి నీళ్లు లేవని పున్నమ్మ చెప్పింది. సర్కారువారి మాట కూడా అదే.

ఇమ్మానియేలు పెట్టె దగ్గరికి వెళ్లి చూశాడు.

అద్దానికి వేలు మందాన పసుపు పూసి ఉంది. మధ్యలో మూడు కుంకుమ బొట్లు.

తప్పు ఎవరిదీ కాదు. యంత్రాన్ని ప్రారంభించిన రోజు వచ్చిన పెద్దాయన మైకులో స్పష్టంగానే చెప్పాడు, ఇందులో పసుపు రంగు కనిపించినంతకాలం ఊరికి ఏ జబ్బూ రాదని. ఆ ఊళ్లో కొత్త నాగలి వచ్చినా, కొత్త కుట్టుమిషను వచ్చినా, పసుపు రాసి బొట్టు పెట్టనిదే పని మొదలుపెట్టరు. అలాంటిది జబ్బులు రాకుండా చూసే యంత్రం వస్తే ఊరుకుంటారా? పున్నమ్మ ఆ రోజు పసుపు రాసింది. తర్వాత ప్రతి శుక్రవారం రాస్తూ వచ్చింది. పేరయ్య ప్రతి పూటా ఆ అద్దంలోంచి చూస్తూ వచ్చాడు. లోపల ఏమున్నా పసుపుగానే కనిపించింది. కనిపించిందే రాశాడు. ఆ ఆఫీసు మొత్తంలో అబద్ధం రాయని ఉద్యోగి బహుశా అతనొక్కడే.

"అద్దం తుడవలేదా పేరయ్యా?"

"శుక్రవారంనాడు రాసిన పసుపు తుడుస్తారటండీ? ఇంటికి మంచిదా?" అన్నాడు పేరయ్య, చదువుకున్నవాడు ఇలాంటి ప్రశ్న వేసినందుకు కాస్త నొచ్చుకుంటూ.

తడిగుడ్డ తీసుకుని తానే తుడిచేయవచ్చు. కానీ చర్చికి వెళ్లే ఇమ్మానియేలు పున్నమ్మ రాసిన పసుపు తుడిస్తే ఊళ్లో వేరే రకం ఫైలు తెరుచుకుంటుంది. ఆ ఫైళ్లకు రిజిస్టర్లూ ఉండవు, ముగింపూ ఉండదు. అందుకని పున్నమ్మనే పిలిపించి, గాజు గొట్టం సంగతీ చుక్క మందు సంగతీ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"అయితే నా పసుపు అడ్డమొచ్చి నా బిడ్డ సంగతి నాకు కనపడలేదన్నమాట" అంది.

"మీ తప్పు కాదు పున్నమ్మగారూ."

"తప్పెవరిదో తరవాత తేల్చుకోండి నాయనా. ఆ కంపు పొడి ఎప్పుడు తెస్తావో అది చెప్పు."

పైట చెంగు తడిపి ఆమే అద్దం తుడిచింది. పసుపు పెట్టె చెక్కకు రాసింది. లోపల గొట్టంలో నీళ్లు ఏ రంగూ లేకుండా ఉన్నాయి. పై సీసాలో మందు ఎండిపోయి అట్ట కట్టింది. ఇమ్మానియేలు తన సంచిలోని సీసా నుంచి చుక్కలు వేసి చూశాడు. అప్పుడూ రంగు రాలేదు.

ఇంటింటికీ తిరిగి నీళ్లు మరగబెట్టుకోండని చెప్పాడు. మిరపకోతల రోజులు, తెల్లారకముందే చేలకు పోయే ఊరు. కాచుకునే తీరికా చిదుగులూ ఉన్నవాళ్లు కాచుకున్నారు. మిగతావాళ్లు తలూపారు.

ఆ సాయంత్రం రిజిస్టరు తీశాడు. అందులో మూడు గడులున్నాయి: లేత పసుపు, పసుపు, ముదురు పసుపు. రంగు లేకపోతే రాయడానికి గడి లేదు. స్కేలు పెట్టి నాలుగో గడి గీసి 'రంగు లేదు' అని రాశాడు. సర్కారు రిజిస్టరులో సొంతంగా గీత గీసిన మొదటి ఉద్యోగిగా ఆయన పేరు ఇప్పటికీ ఆ విభాగంలో చెప్పుకుంటారు, హెచ్చరికగా.

మర్నాడు గుంటూరు బస్సెక్కాడు. జలవర్ణ ప్రత్యేకాధికారి చెంచురామయ్యగారు నెమ్మదస్తుడు. ఎవరినీ కసరడు. కుర్చీ చూపించి, మజ్జిగ తెప్పించి, ఫైలు తెరిచాడు.

"నువ్వు వెళ్లకముందు రంగుందా అయ్యా?"

"పసుపు వల్ల కనిపించిందండి."

"ఉందా?"

"కనిపించిందండి."

"నువ్వు వెళ్లాక?"

"లేదండి."

"మరి ఎవరు పోగొట్టినట్టు?" అన్నాడు చెంచురామయ్యగారు. "నేనేం నిన్ననడం లేదు. ఫైలంటోంది."

తర్వాత ఆయన నిబంధనలు ఓపిగ్గా విప్పి చెప్పాడు. పద్నాలుగో నిబంధన ప్రకారం రంగు చూపించని యంత్రం చెడిపోయిన యంత్రం. చెడిపోయిన యంత్రాన్ని మద్రాసు నుంచి మెకానిక్కు వచ్చి చూడాలి. ఆయన వచ్చేదాకా, యంత్రం బాగున్న రోజున ఏ రంగుందో అదే చెల్లుతుంది. ఆ రోజున ఉన్నది ముదురు పసుపు. ముదురు పసుపున్న ఊరికి పొడి పంపితే క్లోరిన్ ఎక్కువై ప్రజల ఆరోగ్యానికి ప్రమాదం. ప్రజల ఆరోగ్యానికి ప్రమాదం తెచ్చే పని ఈ విభాగం చేయదు.

ఊళ్లో తొమ్మిది ఇళ్లలో జబ్బు పడ్డారనీ, ఒకామెకు ఎనిమిదో నెలనీ ఇమ్మానియేలు మనవి చేశాడు. చెంచురామయ్యగారు నిజంగానే బాధపడ్డాడు. జబ్బులు తమవి కావని, వాటి విభాగం మేడ మీదుందని చెప్పాడు. మేడ మీదివాళ్లను ఇమ్మానియేలు కలిశాడు. జబ్బు నీళ్ల వల్ల వచ్చిందా అని తెలుసుకోవడానికి వాళ్లు అప్పటికే కింది విభాగం నుంచి రంగు తెప్పించుకున్నారు. ముదురు పసుపు. కాబట్టి నీళ్ల వల్ల కాదని తేల్చి, కారణం అనే చోట 'మిరపకాయల ఘాటు' అని రాసేశారు. (మిరపకాయల మీద చర్య తీసుకోవలసిందిగా వ్యవసాయ విభాగానికి ఒక నకలు వెళ్లింది.)

ఇమ్మానియేలు నేరుగా ఊరికి రాలేదు. రైలెక్కి చీరాలలో దిగాడు. నేతగాళ్ల నూలును చలవ చేసి తెల్లగా తీసే బుడాన్ దగ్గర ఈ పొడి ఎప్పుడూ ఉంటుందని కాలేజీలో చేనేత కుటుంబం నుంచి వచ్చిన స్నేహితుడు చెప్పిన మాట గుర్తుంది. బుడాన్ సంగతంతా విని, "నూలయితే నాలుగు గంటల్లో తెల్లబడుద్ది సార్. మీ ఆఫీసుకెంత వెయ్యాలో నాకు తెలీదు" అన్నాడు. గోనెసంచి నిండా పొడి తూచి ఇచ్చాడు.

ఆ సంచి బస్సు టాపు మీద మిరపకాయల బస్తాల మధ్య ప్రయాణం చేసింది. ఊరు చేరేసరికి కండక్టరు సహా బస్సు బస్సంతా కళ్లు తుడుచుకుంటోంది. ట్యాంకు కొలతలు వేసి, పుస్తకంలో ఉన్న పాళ్లు లెక్కగట్టి, ఇమ్మానియేలు చొక్కా చేతులు మడిచి తానే పొడి కలిపాడు. పెట్టెలో ఎండిన సీసా కడిగి తన సంచిలోని మందు పోశాడు. మర్నాటి పొద్దున పేరయ్య శుభ్రమైన అద్దంలోంచి చూశాడు. గొట్టంలో నీళ్లు నిమ్మపండు తొక్కలా, పలచగా ఉన్నాయి.

"అసలు రంగు ఇంత లేతగా ఉంటదాండీ?" అన్నాడు. కొంచెం చిన్నబోయాడు కూడా.

పదో రోజు తర్వాత కొత్తగా ఎవరూ మంచం పట్టలేదు. వెంకటేశ్వరమ్మ లేచి కూర్చుంది. నెల దాటాక ఆడపిల్లను కన్నది. పున్నమ్మ ఇన్‌స్పెక్టరుగారికి వీసెడు ఎండుమిరపకాయలు పంపింది.

కథ ఇక్కడితో అయిపోతే ఇది ఆఫీసు కథ కాదు.

చింతలదొరువు రిజిస్టరు గుంటూరు చేరింది. చెంచురామయ్యగారి విభాగంలో పెద్దలంతా దాని చుట్టూ కూర్చుని చదివారు. రంగు ముందు ముదురుగా ఉంది. తర్వాత పోయింది. తర్వాత మళ్లీ వచ్చింది. ఈ మధ్యకాలంలో సర్కారు గోదాము నుంచి ఆ ఊరికి ఒక్క చెంచాడు పొడి వెళ్లలేదు. పొడి లేకుండా రంగు వచ్చిందంటే, దాన్ని పుట్టించినది యంత్రమే అయి ఉండాలి. జబ్బులు కూడా తగ్గాయంటే, యంత్రం నీటిని కొలవడమే కాక శుభ్రం కూడా చేస్తోందన్నమాట. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంత గొప్ప యంత్రాన్ని ఇన్నాళ్లూ కేవలం రంగు చూడటానికి వాడుకున్నందుకు వాళ్లకు సిగ్గేసింది.

ఈ సంగతి తెలిసి ఇమ్మానియేలు, పొడి కలిపింది తానేనని, ఎక్కడ తెచ్చిందీ ఎంత కలిపిందీ వివరంగా రాసి, కింద సంతకం చేసి పంపాడు. ఉద్యోగం పోతుందని తెలిసే పంపాడు. పోలేదు. చెంచురామయ్యగారు మంచివాడు. సర్కారు గోదాము నుంచి రానిది నిబంధనల ప్రకారం పొడి కిందికి రాదని, లేని పొడిని కలిపినందుకు శిక్షించడం కుదరదని జవాబు రాయించాడు. ఉత్తరాన్ని 'పొడి అందిన గ్రామాలు' అన్న ఫైలులో పెట్టించాడు. ఆ ఫైలు అవసరం తీరిపోయింది గనక, మర్నాడు మూసేశారు.

ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి బ్లాకులోని మిగతా పద్దెనిమిది ఊళ్లలోనూ యంత్రాలు బిగించి, బ్లీచింగ్ పొడి సరఫరా ఆపేశారు. బిగించే పని, అనుభవం ఉన్నవాడు గనక, ఇమ్మానియేలుకే అప్పగించారు. ఆ ఊళ్లలో ఎవరికైనా వాంతులు పట్టుకుంటే తెలియజేయడానికి వేరే ఫారం ఉంది. అది ఇంకా అచ్చులోనే ఉంది.