ఆకు వేస్తే వస్తానంది

మా ఆవిడ ఊళ్లో లేదనగానే మీలో సగం మంది మొహాలు వెలిగిపోయాయి, చూశాను. మొదటిరోజు నా మొహమూ అలాగే వెలిగింది. మంచం మీదే తిన్నాను. తడి తువ్వాలు తీసి కుర్చీ మీద పడేశాను. అడిగే నాథుడు లేడు. మర్నాడు చూస్తే ఆ తువ్వాలు పడేసిన చోటే ఉంది. తీసి నేనే ఆరేసుకున్నాను.

సంగతేమిటంటే, మా వదినగారు, అంటే మా ఆవిడ అక్కగారు, మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆవిణ్ణి చూసుకోవడానికి మా ఆవిడ బయల్దేరింది. బయల్దేరే ముందు వీధి చివర టైలరు పెరట్లో ఉన్న అంజూర చెట్టు నుంచి జానెడు కొమ్మ ఒకటి కోయించుకొచ్చి, బాల్కనీలో కుండీలో గుచ్చింది. ఆ టైలర్ని మేమంతా ‘రేపు టైలరు’ అంటాం. ఏదడిగినా రేపు రమ్మంటాడు. మా ఆవిడకి మాత్రం కొమ్మ అప్పటికప్పుడు ఇచ్చాడు. ఆవిడ అడిగిన తీరు అలాంటిది.

గుమ్మంలో నిలబడి, మళ్లీ ఎప్పుడొస్తావని అడిగాను.

“ఆ కొమ్మ ఆకు వేశాక వస్తాను. రోజూ కాసిని నీళ్లు పొయ్యండి. గంటకోసారి ఫోన్ చేసి ఎప్పుడొస్తావని నన్నడక్కండి. దాన్నడగండి.”

మీకు తెలుసు కదా, నాది కళ్లజోళ్ల షాపు. పొద్దస్తమానం జనాన్ని కుర్చీలో కూచోబెట్టి, గోడ మీద అక్షరాలు చూపించి, కనిపిస్తోందా కనిపిస్తోందా అని అడగడమే నా పని. ఇప్పుడు ఇంటికొచ్చాక కూడా అదే పనైంది. కుండీ ముందు గొంతుక్కూర్చుని భూతద్దం పెట్టి చూసేవాణ్ణి. కొమ్మ కొమ్మలాగే ఉండేది.

పైన ఏమీ లేకపోతే పోనీ, కిందేమన్నా జరుగుతోందేమోనని ఒకరోజు పీకి చూశాను. వేరు లేదు. మళ్లీ గుచ్చాను. మర్నాడు మళ్లీ పీకాను. అలా పళ్లు తోముకోవడం, కొమ్మ పీకి చూడడం, ఆ తర్వాత కాఫీ తాగడం నాకు అలవాటైపోయింది.

ఇంట్లో చప్పుడు లేదు. చెంచా చెయ్యి జారి కిందపడితే, “ఏమిటది?” అనే గొంతు వంటింట్లోంచి రాలేదు. కాసేపు చూసి, ఇంకో చెంచా కావాలనే పడేశాను. దానికీ ఎవరూ ఏమీ అనలేదు.

ఇక లాభం లేదనుకున్నాను. దానంతట అది వెయ్యని ఆకుని నేనే వేయిస్తే సరిపోతుంది కదా. టైలరు దగ్గరికెళ్లి ఒక్క ఆకు కోసుకుంటానన్నాను. రేపు రమ్మన్నాడు. పెరటి గోడ మీంచి వంగి నేనే కోశాను. తొడిమ తెగిన చోట తెల్లటి పాలు కారి చేతికంతా అంటుకున్నాయి. పంట్లానికి తుడుచుకుని, ఎర్రటి ఎండలో ఇంటికొచ్చి, ఆ ఆకుని కొమ్మకి ఆకుపచ్చ దారంతో కట్టి, ఫోటో తీసి పంపించాను.

వెంటనే ఫోన్ చేసింది. నిన్నటిదాకా చిగురైనా లేనిది ఒక్కసారే అరచెయ్యంత ఆకు వేసిందంటే నేను పోసిన నీళ్ల మహిమేనంది. కానీ ఒంటి ఆకుని నమ్మలేమట, రెండోది రావాలట. రెండోదీ కట్టాను. ఇంత జోరుగా పెరుగుతోంది కదా, కాయ కూడా పడనివ్వండి, వచ్చేస్తానంది.

పళ్ల దుకాణంలో మాంఛి అంజూర పండు ఒకటి కొని కట్టాను. బరువుకి కొమ్మ పక్కకి ఒరిగిపోయింది. చేతికందిన పాత కళ్లజోడు ఫ్రేము ఊతంగా పెట్టి ఫోటో తీశాను.

“చెట్టుకి కళ్లజోడెందుకండీ?” అంది.

“దూరం నుంచి వచ్చేవాళ్ల కోసం చూస్తోంది,” అన్నాను.

ఈలోగా చెయ్యి పేచీ మొదలెట్టింది. పాలు అంటిన మేర మణికట్టు నుంచి మోచెయ్యి దాకా ఎర్రగా కంది, బొబ్బలెక్కింది. ఒకటే మంట, దురద. షాపులో ఒకావిడకి కళ్లు పరీక్ష చేస్తూ ఓ చేత్తో గోక్కుంటుంటే, ఆవిడ ఒక కన్ను చూపించుకుని రెండో కన్ను తర్వాత చూపిస్తానని వెళ్లిపోయింది. దేన్ని ముట్టుకున్నారని డాక్టరు అడిగాడు. మా ఆవిడ ఊళ్లో లేదండీ అన్నాను. ఆయన నన్నోసారి ఎగాదిగా చూసి పూత మందు రాసిచ్చాడు.

ఆ సాయంత్రం వీడియోలో కాయని దగ్గరగా చూపించమంది. చూపించాను. కాయతో పాటు చెయ్యీ కనిపించింది.

“చెయ్యి ఇటు తిప్పండి,” అంది. తిప్పాను. ఫోన్ పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం తలుపు తీస్తే ఎదురుగా సంచీతో ఆవిడే. సంచీ అందుకుంటూ, ఆకు వేసిందని వచ్చావా అన్నాను.

“ఆకు సంగతి మొదటి ఫోటోలోనే తెలిసిపోయింది. దారం ముడి కూడా సరిగ్గా కనపడింది. ఆకు చూసి కాదు, చెయ్యి చూసి వచ్చాను.”

మందు రాస్తున్నంతసేపూ తిట్టింది. బుద్ధి లేదంది, వయసొచ్చింది గానీ అంటూ ఇంకా ఏవేవో అంది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ తిట్లు అయిపోతాయేమోనని రెండో చెయ్యి కూడా చాపాను. దానికేమీ కాలేదని తోసేసింది.

తర్వాత బాల్కనీలోకెళ్లి దారాలన్నీ విప్పి, కొమ్మని పైకి లాగి చూసింది. చూసి అక్కడే కూలబడి నవ్వింది. రోజూ పీకి గుచ్చడంలో ఏనాడో నేను దాన్ని తలకిందులుగా పాతానట.

రెండ్రోజులుంది. వాళ్లక్కగారు ఇంకా సాయం లేకుండా లేవలేరు, ఉండిపొమ్మని ఏ మొహం పెట్టుకుని అడగను? పోయేటప్పుడు కుండీ కూడా ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది. అదేమిటన్నాను.

“మీ దగ్గరుంటే ఇది ఈ జన్మలో ఆకు వెయ్యదు. అక్కడ నేను పెంచుతాను. ఆకు వేశాక దీన్ని తీసుకునే వస్తాను.”

“మరి నేనెవర్నడగను?”

“ఎవర్నీ అడక్కండి,” అంది. ఆటో వెళ్లిపోయింది.

ఏదో ఎత్తు వేసి మనిషిని రప్పించుకుందామనుకుంటే, ఉన్న కొమ్మ కూడా పోయింది. బాల్కనీలో కుండీ ఉన్న చోట గుండ్రంగా మరక మిగిలింది. పళ్లు తోముకుని వెళ్లి దాన్నే చూస్తున్నాను.

నిన్న మా వదినగారే ఫోన్ చేశారు.

“మరిదిగారూ, నేను కర్ర పట్టుకుని బాగానే నడుస్తున్నాను. ఇంక వెళ్లవే అంటే మీ ఆవిడ వినదు. అంత మాట అనేసి ఆకు లేకుండా వెళ్తే మీరు నవ్వుతారట. పోనీ దాన్ని వెయ్యనిస్తుందా? పొద్దున్నే లేచి, ఎవరూ చూడట్లేదనుకుని, ఆ కొమ్మ పీకి చూసి మళ్లీ గుచ్చుతోంది. రోజూ ఇదే పని. మీరైనా కాస్త చెప్పండి.”

చెప్తానన్నాను. చెప్పాలి కూడా. మానితేనే కదా అది వేరు తొడిగేదీ, ఆవిడ ఇంటికొచ్చేదీ. కానీ రోజూ పొద్దున్నే అక్కడ ఆవిడ ఆ కొమ్మని పీకి చూసుకుంటోందంటే, వినడానికి ఎంత బావుందో. రెండ్రోజులాగి చెప్తాను.