అక్క కోసం దాచిన గింజలు

ఆ శనివారం ఉదయం ముచనేత చేయాలనుకున్న పని ఒక్కటే. తలకు ఉతికిన గుడ్డ కట్టుకుని, చిన్న డబ్బీ ఒకటి చేత పట్టుకుని, తాముండే సకుబ్వ పేట బస్టాండుకు నడిచి వెళ్ళి, బుహేరా నుంచి వచ్చే బస్సు కిటికీలోంచి దాన్ని అక్కకు అందించి రావాలి. అక్క న్యెంబెసి బుహేరాలో ఇల్లు ఎత్తేసి, సరిహద్దు అవతల, పక్క దేశంలోని బెయిరాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆ వయసులో అంత దూరం వెళ్ళినవాళ్ళు మళ్ళీ రారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కనుక ఇద్దరూ దాని గురించి మాట్లాడలేదు. ఫోనులో గింజల గురించే మాట్లాడుకున్నారు.

"వానల్లేక నా గడ్డి గులాబీలన్నీ మాడిపోయాయే. నీ దగ్గరున్నాయిగా, కాసిని గింజలు తెచ్చి బస్సు దగ్గర ఇవ్వు. అమ్మ వేసిన పూలు నాతో పాటు ఆ ఊరు రాకపోతే ఎట్లా?" అంది అక్క.

"తెస్తాలే. కిటికీ పక్కన కూర్చో" అంది ముచనేత.

గడ్డి గులాబీ గింజలు పట్టడం మాటలు కాదు. పువ్వు వాడిన చోట మూత పెట్టిన బుల్లి కుండలాంటి కాయ వస్తుంది. ఎండిన రోజున ఆ మూత దానంతటదే ఊడిపోతుంది. ఆ పూట చూసుకోకపోతే, ఇసుక రేణువంత ఉండే గింజలు మట్టిలో కలిసిపోతాయి. ముచనేత ఆ కాలమంతా మధ్యాహ్నం పూట ఇంటి ముందు మడి పక్కన పీట వేసుకుని, సాసరు కింద పట్టి, ఒక్కొక్క కాయనూ చిటికెన వేలితో తట్టింది. చలి మొదలై మొక్కలు చచ్చిపోయేసరికి చేతికి దక్కినవి చిన్న డబ్బీలో సగం. పురుగు పట్టకుండా వాటిలో జల్లించిన పొయ్యి బూడిద కలిపింది. మళ్ళీ వానలు పడేదాకా ఆ పూల సంతానమంతా ఆ డబ్బీలోనే ఉంది.

ఆ డబ్బీ ఆమె ఆడపడుచు మతిరాస వాడి పారేసిన పొడుం డబ్బీ. నల్లగా, సన్నగా, బూడిద కలిసి ఉన్న గింజలు చూడటానికి ముక్కుపొడుంలాగే ఉంటాయన్న ఆలోచన ముచనేతకు రాలేదు. మామూలుగా ఆమెకు రాని ఆలోచనంటూ ఉండదు. బస్సు ముందే వెళ్ళిపోతుందేమో, అక్కకు కిటికీ పక్కన చోటు దొరకదేమో, సరిహద్దు దగ్గర గింజలు లాక్కుంటారేమో అని వారం రోజులుగా బెంగపడుతూనే ఉంది. ఈ ఒక్కటి మాత్రం ఎట్లాగో తప్పిపోయింది.

డబ్బీని అల్మారా మీద మడత పెట్టిన శాలువా పైన ఉంచి, అద్దం ముందు తలగుడ్డ ముడి వేసుకుంటుండగా గేటు బయట చప్పట్లు వినిపించాయి. మనవరాలు రవీరోను అడగడానికి పెళ్ళికొడుకు తరఫు మధ్యవర్తి వచ్చాడు. రావలసింది మధ్యాహ్నం. ఆలస్యమైతే జరిమానా వేస్తారని హడలిపోయి తెల్లవారగానే బయలుదేరాడట. పేరు చెంజిరాయి. పాపం, వదులు కోటు తొడుక్కుని, గేటు బయట నేల మీద కూర్చుని, వినయంగా చప్పట్లు కొడుతున్నాడు. నోరు విప్పించే కానుక పళ్ళెంలో పెట్టేదాకా అతనితో ఎవరూ మాట్లాడకూడదు.

ఈ కార్యం కోసమే ఊరి నుంచి వచ్చి ఉన్న మతిరాస కిటికీలోంచి చూసి, తలగుడ్డతో సిద్ధంగా ఉన్న ముచనేత వైపు తిరిగింది.

"ఎక్కడికి మరదలా, సింగారించుకున్నావు?"

"మా అక్క బస్సు వదినా. ఇట్లా వెళ్ళి అట్లా వచ్చేస్తాను."

"పిల్లను అడగడానికి వచ్చినవాడు గుమ్మంలో ఉంటే నానమ్మ బస్టాండుకు పోతుందా? వాళ్ళ ఊరెళ్ళి ఏమని చెప్పుకుంటారు? కూర్చో. ఆ బస్సు ఎప్పుడన్నా వేళకు వచ్చిందా?"

అదీ నిజమేనని ముచనేత చాప మీద ఒక మూల కూర్చుంది. వేళకు రాని బస్సు ఆ ఒక్కరోజు వేళకు వస్తుందన్న భయం కూడా ఆమె పక్కనే కూర్చుంది.

మధ్యవర్తిని లోపలికి పిలిచారు. పళ్ళెం వచ్చింది. రవీరోను పిలిచి, "ఈ మనిషి ఎవరి తరఫున వచ్చాడో నీకు తెలుసా? ఈ పళ్ళెం తీసుకోమంటావా?" అని మతిరాస అడిగింది. రవీరో తల వంచుకుని తీసుకోమంది. ఇక ఇంటి పెద్దలకు, అంటే పోయినవాళ్ళకు, ఒక్కొక్కరి పేరెత్తి చిటికెడు పొడుం నేల మీద వేస్తూ కబురు చెప్పాలి. మగ పెద్దలెవరూ మిగలని ఆ ఇంట్లో ఆ పని పెద్ద ఆడబడుచుదే. మతిరాస మోకాళ్ళ మీద కూర్చుని తన పొడుం డబ్బీ తీసి మూత తిప్పింది. ఖాళీ. ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. అల్మారా మీద శాలువా, శాలువా మీద డబ్బీ కనిపించాయి.

"ఇక్కడుందే" అంది.

ముచనేత నోరు తెరిచేలోపే మొదటి చిటికెడు నేల మీద పడింది. పెద్దల పేరెత్తిన తరువాత మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. అందులోనూ వేరే వంశం నుంచి వచ్చిన కోడలు అసలే మాట్లాడకూడదు. చప్పట్లు కొట్టడమే ఆమె వంతు. ముచనేత చప్పట్లు కొట్టింది. అది పొడుం కాదు వదినా, అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చి, యాభై ఏళ్ళ అలవాటు చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

మతిరాసది పెద్ద చేయి. ఎవరినీ చిన్నబుచ్చదు. తండ్రి పేరు చెప్పి చిటికెడు, తాత పేరు చెప్పి చిటికెడు, తాత అన్నదమ్ములకు తలా చిటికెడు వేసింది. చిన్నప్పుడే పోయినవాళ్ళను కూడా గుర్తు పెట్టుకుని పిలిచింది. మెట్టినింటి వంశం ఇంత పెద్దదైనందుకు ముచనేత మొదటిసారి బాధపడింది.

అడుగున మిగిలినది మతిరాస తాను ఒక పట్టు పీల్చి, మర్యాదగా మధ్యవర్తి ముందుకు జరిపింది. వద్దంటే జరిమానా. అతను గట్టిగానే పీల్చాడు. తరువాత కాసేపు ఆ గదిలో తుమ్ములు తప్ప ఏమీ వినిపించలేదు.

"ఘాటుగా ఉంది" అంది మతిరాస కళ్ళు తుడుచుకుంటూ. ఒప్పుకోవడం ఆమె స్వభావం కాదు.

"మా వైపు ఇంత మంచి సరుకు దొరకదండీ" అన్నాడు చెంజిరాయి. అతని ముక్కు అప్పటికే ఎర్రబడింది.

టీ పోయడానికి అందరూ వంటింటి వైపు కదలగానే ముచనేత సిమెంటు నేల మీద వంగింది. తలగుడ్డ విప్పి దాని కొంగు పరిచి, కోడి ఈకతో గింజలు ఊడ్చి పోగు చేయసాగింది. గింజల కంటే దుమ్మే ఎక్కువ వస్తోంది. కప్పులు తీసుకుపోవడానికి వచ్చిన రవీరో గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నానమ్మా, ఏం చేస్తున్నావు?"

"ఏం లేదు తల్లీ. ఊరికే తుడుస్తున్నా."

"పెద్దవాళ్ళకు ఇచ్చింది వెనక్కి తీస్తున్నావా? అతను నీకు నచ్చలేదా? నచ్చకపోతే ముందే చెప్పొచ్చుగా?" అంటూ ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

ఏడుపు విని మతిరాస వచ్చింది. నేల మీద ఈక, కొంగులో మూట, మోకాళ్ళ మీద మరదలు. "ఏమిటిది? నా తమ్ముడుంటే ఇట్లా చేసేదానివా? ఈ సంబంధం ఇష్టం లేదని నోటితో చెప్పు, నేల గీకి చెప్పడమేమిటి?"

ముచనేతకు నిజం చెప్పాలనే ఉంది. చెబితే పెద్దలకు పోసింది పొయ్యి బూడిదని తేలుతుంది. అప్పుడు కబురు కబురే కాదు, తీసుకున్న పళ్ళెం పళ్ళెమే కాదు. మధ్యవర్తి మళ్ళీ గేటు బయట నుంచి మొదలుపెట్టాలి. పిల్ల పెళ్ళికి మొదటి రోజే మచ్చ పడుతుంది. చెప్పకపోతే తాను మనవరాలి పెళ్ళి చెడగొట్టే ముసలిది. ఏ వైపు వెళ్ళాలో తేల్చుకునేలోపు బస్టాండు వైపు నుంచి పొడుగాటి హారను వినిపించింది. బస్సు వేళకే వచ్చింది.

ఆమె మూట ముడి వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా, వట్టి తలతో ఇల్లు దాటింది.

గోడకు ఆనుకుని టీ తాగుతున్న చెంజిరాయి అది చూశాడు. పళ్ళెం తీసుకున్నాక నానమ్మ మాటా పలుకూ లేకుండా లేచి వెళ్ళిపోవడం అతను ఎన్నడూ ఎరగడు. తన తప్పేదో ఉంది. బహుశా తుమ్మడమే తప్పేమో. కప్పు కింద పెట్టి వెనకాలే పరుగెత్తాడు. అతని వెనక మతిరాస, మతిరాస వెనక ఏడుస్తూ రవీరో. టమాటా గుట్టల మధ్య నుంచి, పాత బట్టల కుప్పల మీద నుంచి, ఈ ఊరేగింపు బస్టాండులోకి వచ్చి పడింది.

బస్సు కదలబోతోంది. న్యెంబెసి కిటికీ పక్కనే కూర్చుని బయటికి వంగి చూస్తోంది. ముచనేత ఆయాసంతో కిటికీ కిందికి చేరి, "అక్కా" అనేలోపే, చెంజిరాయి నూనె మరకల నేల మీద మోకాళ్ళూని చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు.

"తప్పు మాదేనమ్మా. ఏదైనా మాదే. మమ్మల్ని వదిలెయ్యకండి."

అతని కళ్ళ నుంచి, ముక్కు నుంచి నీళ్ళు కారుతున్నాయి. పక్కన మతిరాసకు ఇంకా తుమ్ములు ఆగలేదు, కళ్ళు కొంగుతో ఒత్తుకుంటోంది. పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. వట్టి తలతో ముసలామె వణుకుతూ నిలబడింది. ఇదంతా చూసిన కండక్టరు టోపీ తీసేశాడు. ఏం జరిగిందో ఒకరు చెప్పనక్కరలేదు.

"ఇంజను ఆపన్నా. వీళ్ళింట్లో ఎవరో పోయారు" అన్నాడు డ్రైవరుతో.

చావు ఎదురుపడితే పలకరించకుండా పోయేవాళ్ళు ఆ వైపు లేరు. ప్రయాణికులు ఒక్కొక్కరే దిగారు. ముచనేత రెండు చేతులూ పట్టుకుని, "ఎంత కష్టం వచ్చింది తల్లీ" అన్నారు. అక్క అని తెలిశాక న్యెంబెసి చేతులు కూడా కిటికీలోంచి పట్టుకున్నారు. కోళ్ళ బుట్ట మోసుకుంటున్న ఒక లావుపాటావిడ బుట్ట దించి చర్చి పాట ఎత్తుకుంది. మిగతావాళ్ళు గొంతు కలిపారు.

న్యెంబెసి జనాన్ని తోసుకుంటూ దిగి వచ్చింది. "ఎవరే పోయింది?"

"ఎవరూ పోలేదక్కా."

"మరి వీళ్ళు పాడుతున్నది ఎవరికి?"

"గింజలక్కా. నీ గింజలు పోయాయి" అంది ముచనేత. అప్పుడిక ఆగలేక అంతా చెప్పేసింది. డబ్బీ, బూడిద, పెద్దలకు తలా చిటికెడు, ఏదీ దాచలేదు. పాట మధ్యలో తెగిపోయింది. చెంజిరాయి మెల్లగా ముక్కు తడుముకున్నాడు.

"అయితే నా ముక్కులో ఉన్నవి..."

"గడ్డి గులాబీలు" అన్నాడు కండక్టరు. "ఎండలో తిరగకు బాబాయ్, విచ్చుకుంటాయి."

అందరూ మతిరాస వైపు చూశారు. ఆమె చివరి తుమ్ము తుమ్మి, ముక్కు తుడుచుకుని నిటారుగా నిలబడింది. "పొడుమైతేనేం, పూలైతేనేం? మా వాళ్ళు తీసుకున్నారు. తీసుకున్నాక వెనక్కి ఇచ్చే వంశం కాదు మాది. పద రవీరో, వచ్చినాయనకు అన్నం పెట్టాలి." వెళ్తూ వెళ్తూ మరదలితో మాత్రం, "నాతో ఒక్క మాట అనొచ్చుగా ముచనేతా" అంది. కోపంగా అనలేదు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది.

చావు లేదని తెలిసిన డ్రైవరు మాత్రం ఎవరినీ క్షమించలేదు. "ఎవరూ పోకుండానే ఇంతసేపు నిలబెట్టారా? ఎక్కండి, ఎక్కండి" అంటూ ఇంజను వేశాడు. ఇప్పటిదాకా కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు చోటు కోసం మోచేతులతో పొడుచుకున్నారు.

ముచనేత తలగుడ్డ ముడి విప్పి చూపించింది. "ఇంతే మిగిలింది. ఇందులో నాలుగు గింజలైనా ఉంటాయో లేదో."

న్యెంబెసి ఆ దుమ్ము వైపు చూసి నవ్వబోయి, నవ్వలేక, తన సంచిలో చేయి పెట్టి కాగితం పొట్లం ఒకటి తీసింది. "ఇదిగో, నువ్వే పట్టుకో. పిచ్చిదానా, నా మొక్కలకేం కాలేదు. వాకిలి నిండా పూశాయి."

"మాడిపోయాయన్నావు?"

"అనకపోతే వచ్చేదానివా? నా పెళ్ళిలో నన్ను పంపేటప్పుడు వంటపాక వెనక దాక్కున్నావు. అమ్మ ఆఖరి రోజున ఒళ్ళు వెచ్చగా ఉందని పడుకున్నావు. మీ ఆయన గని పనికి రైలెక్కినప్పుడు బట్టలుతకడానికి పోయావట. ఏదన్నా తెమ్మంటే తెస్తావు. ఊరికే రమ్మంటే రావు."

"రమ్మని అడిగి చూడాల్సింది."

"అడిగితే వచ్చేదానివా?"

ముచనేత పొట్లాన్ని వేళ్ళతో నొక్కి చూసింది. "రాకపోయేదాన్ని" అంది.

కండక్టరు తలుపు మీద కొట్టాడు. న్యెంబెసి మెట్టు ఎక్కి, మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చి కూర్చుంది. "నీవి ఇంకా పసుపేనా?"

"పసుపే. మధ్యలో ఎర్ర చుక్క."

"నావి ఎర్రబడ్డాయి. కలిపి చల్లు. నీళ్ళు ఎక్కువ పోయకు, కుళ్ళిపోతాయి."

"నాకు చెబుతున్నావా? కిందటేడు నీవే కుళ్ళాయి."

"అది కోళ్ళు తవ్వడం వల్ల."

"కోళ్ళు తవ్వితే కుళ్ళుతాయా?"

న్యెంబెసి దానికేదో సమాధానం చెప్పింది. అది ఇంజను మోతలో వినపడలేదు. బస్సు సరిహద్దు రోడ్డు మలుపు తిరిగాక గానీ, తామిద్దరూ ఆ ఉన్న కాస్త సమయమూ కోళ్ళ మీద ఖర్చు పెట్టేశామని ముచనేతకు తట్టలేదు. ఆమె పొట్లం గుండెకు ఆనించుకుని, ఖాళీ అయిన చోట చాలాసేపు నిలబడింది.

ఎవరైనా ఆమె చేతులు పట్టుకుని పలకరించవలసిన సమయం అదే గాని, పలకరించేవాళ్ళంతా ఆ బస్సులోనే వెళ్ళిపోయారు.