పోలిక నక్షత్రం

ఆ రోజు పొద్దున ఆమె పెట్టుకున్న పని చిన్నది. ఆఫీసుకు వెళ్ళి, గది తలుపు వేసుకుని, తన లెక్కను మరో నక్షత్రంతో సరిచూసుకోవాలి. అది కుదిరాకే నోరు విప్పాలి. టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ భర్తతో ఒక్క ముక్క అనకపోయి ఉంటే ఆ పని మధ్యాహ్నంలోగా అయిపోయేది.

"ఏదో దొరికినట్టే ఉంది. ఇంకా ఎవరికీ చెప్పకండి" అంది.

అతను ఎవరికీ చెప్పలేదు. బంధువుల గ్రూపులో పెట్టాడంతే.

ఆమె గమనించేవి ఆకాశంలో బొత్తిగా పేద నక్షత్రాలు. సూర్యుడి బరువులో పదో వంతో, ఆపైన పిసరంతో తూగుతూ ఎర్రగా మినుకుమంటాయి. అలాంటివి రెండు ఒకదాన్నొకటి రాసుకుంటున్నంత దగ్గరగా గిరగిర తిరుగుతుంటే, ఆ జంటకు ఆమె కాపలా. మన వైపు నుంచి చూస్తే ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం రావు కనుక వెలుగు నిలకడగా ఉండాలి. ఉండటం లేదు. కొన్ని గంటలకోసారి, ఎవరో స్విచ్చి వేసినట్టు, పెరిగి తగ్గుతోంది.

పెరిగిందనాలంటే పక్కన పెరగనిది ఒకటి ఉండాలి. అందుకని అదే ఫొటోలో ఉన్న నిలకడైన నక్షత్రాన్ని ఎంచుకుని దానితో పోల్చి చూస్తారు. కొత్త కెమెరా వచ్చాక పాత పోలిక నక్షత్రం ఫొటో అంచు దాటిపోయింది. తొందరలో ఆమె పక్కనున్న మరొకదాన్ని ఖాయం చేసుకుంది. రంగు కలిసింది, వెలుగు కలిసింది, చూడ్డానికి నెమ్మదస్తురాలిలా ఉంది. చాలా సంబంధాలు ఇంతమాత్రం చూసే కుదురుతాయి.

నెలాఖరుకు ఆమె ఉద్యోగం గడువు తీరిపోతుంది. పొడిగించాలా వద్దా అని తేల్చే కమిటీ పెద్దావిడ ఆ రోజే సంస్థకు వస్తోంది. ఖాళీ చేతులతో కూర్చుంటే ఉద్యోగం పోవచ్చు. తప్పు చెబితే ఉద్యోగంతోపాటు పరువూ పోతుంది.

కంప్యూటరు తెరుచుకునేలోగా డైరెక్టరు గారి నుంచి పిలుపు వచ్చింది. బంధువుల గ్రూపులోని బావగారు ఆయనకు చిన్నప్పటి క్లాస్‌మేటు. అభినందనలు ఆమెకన్నా ముందే ఆయన గదికి చేరాయి.

"మన ఆఫీసు సంగతి మీ బావగారు చెబితే నేను వినాలామ్మా?" అన్నారాయన నొచ్చుకున్నట్టుగా.

ఇంకా సరిచూడలేదని ఆమె చెప్పబోయింది. సరిచూసే పని రేపు కూడా ఉంటుంది, కమిటీ ఆవిడ రేపు ఉండదన్నారాయన. వెలుగు హెచ్చుతగ్గులకు ఆమె గీసిన గ్రాఫును పెద్ద కాగితం మీద అచ్చు వేయించమని పురమాయించి, దానికో కారణం చెప్పడానికి పక్క గదిలోని సిద్ధాంతిని పిలిపించారు. అతను టెలిస్కోపు జోలికి పోడు, సమీకరణాలతోనే కాపురం. అందుకే ఆఫీసులో ఆ పేరు.

భోజనాల వేళకు సిద్ధాంతికి కారణం దొరికింది. అంత దగ్గరగా మసిలే నక్షత్రాల అయస్కాంత క్షేత్రాలు చిక్కుపడి తెగినప్పుడు మంటలు చిమ్ముతాయన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ మంటలు ఇలా వేళ పాటించవు కదా, పైగా ఈ వేళకూ జంట తిరిగే వేళకూ పొంతనే లేదని ఆమె నసిగింది.

"పొంతన లేకపోవడమేనండీ దీని గొప్పతనం" అన్నాడు సిద్ధాంతి. "పొంతన ఉంటే ఎవడైనా చెప్పేస్తాడు."

మిగిలిన కాస్త సమయాన్నీ ఆడపడుచు ఫోను మింగేసింది. నక్షత్రానికి ఇంటిపేరు పెడతారా, మావగారి పేరా అన్నది ఇంట్లో తేలడం లేదట. ఆమెకు నచ్చజెప్పి ఫోను పెట్టేసేసరికి మీటింగు వేళయింది.

మీటింగులో డైరెక్టరు గారు గ్రాఫు తామే పట్టుకుని లేచారు. కళ్ళద్దాలు గదిలో మరిచి వచ్చారు కనుక దాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. అది అందరికీ కనిపించింది, చెప్పే చొరవ ఎవరికీ లేకపోయింది. వెలుగు ఎలా పైకి లేస్తోందో చూడమంటూ ఆయన గుంటల వెంట వేలు నడిపిస్తున్నారు.

సరిచేద్దామని లేవబోయిన ఆమె సగంలో ఆగిపోయింది. ఆ గీత తనకు బాగా తెలిసిందే. ఒక లోతు గుంట, ఒక చిన్న గుంట, మళ్ళీ లోతు గుంట. రెండు నక్షత్రాలు ఒకదాన్నొకటి కప్పుతుంటే తప్ప అలా రాదు. తన జంట మెరవనే లేదు. పోలికకు పెట్టుకున్న నెమ్మదస్తురాలు మసకబారినప్పుడల్లా పక్కన ఇది వెలిగినట్టు కనిపించింది.

నోరు మూసుకుంటే ఈ పూటకు ఉద్యోగం ఉంటుంది. ఆమె పూర్తిగా లేచి నిలబడింది.

"సర్, కాగితం అలాగే ఉంచండి. తలకిందులుగా చూసింది నేను."

జరిగిందంతా చెప్పింది. సరిచూడకుండా ఇక్కడిదాకా వచ్చానని కూడా చెప్పి, కంప్యూటరు తెరిచి, పొద్దున చేయాల్సిన పనిని అందరి ముందూ చేసింది. మూడో నక్షత్రంతో పోలిస్తే ఆమె జంట గీత నున్నగా వచ్చింది. గుంటలన్నీ నెమ్మదస్తురాలివే.

కమిటీ ఆవిడ కలం కింద పెట్టింది. "అయితే ఆ పోలిక నక్షత్రం ఒక్కటి కాదన్నమాట."

"కాదండీ, రెండు. రెండూ చిన్నవే, బాగా దగ్గరగా ఉన్నాయి. అది జంట అని ఇప్పటిదాకా ఎవరూ అనుకోలేదు."

డైరెక్టరు గారు తాను మొదటినుంచీ చూపిస్తున్నది ఆ గుంటలనేనన్నట్టు తల పంకించారు. తన సమీకరణాలు దీనికీ సరిపోతాయనీ, ఒక్క చోట గుర్తు మారిస్తే చాలనీ సిద్ధాంతి అన్నాడు.

ఆ కొత్త జంట ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి రావడానికి, అంటే వాటి లెక్కలో ఏడాది గడవడానికి, ఒక పూట చాలు. ఉద్యోగం ఏడాది పొడిగిస్తున్నామని కమిటీ ఆవిడ ప్రకటించినప్పుడు, ఎవరి లెక్కన ఏడాదో ఆమె మర్యాదగా అడిగి తెలుసుకుంది.