గాజుకోటలో వంగిన వత్తి

తెలంగాణ కొరకు సకల జనులు సమ్మె కట్టిన శరత్కాలమది. బొగ్గు గనులు మౌనవ్రతము పట్టగా, ఆ మౌనము కరెంటు తీగల వెంట పాకివచ్చి ఇంటింటి ఫ్యాను రెక్కలను స్తంభింపజేయగా, బస్సులు డిపోలలో యోగనిద్ర పొందగా, జనసముద్రఘోషను మించి "రాండ్రి అక్కా, లోపల చూడుండ్రి" అని నిత్యము పిలిచే దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల నోళ్లకు ఇనుప షట్టర్లు దిగగా, ఎల్బీనగర్ దాపున ఒక కాలనీలో, మూడవ గల్లీ చివరి ఇంటిలో జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెదను, వినుడు. ఇందులో ఏనుగులు లేవు, గుర్రాలు లేవు. మల్లెపూల వాసన వేసే కొవ్వొత్తి ఒకటి ఉన్నది.

ఈ గాథకు నాయకుడు మధుకర్. పోచంపల్లి మగ్గాల వంశమున పుట్టి, మగ్గము ముందు ఒక్క పూటైనా కూర్చుండక, చీరల దుకాణము పెట్టి, సమ్మె నాడు దానిని మూసి, కాలనీ సమితికి తనకు తానే సేనాధిపతియైన వాక్శూరుడు. మైకు పట్టి ఆయన గర్జించినచో నీళ్ల ట్యాంకు మీది పావురములు నాగోలు దాకా పారిపోయెడివి. ఇంట్లో గ్యాస్ సిలిండరు మార్చుమన్నచో మాత్రము ఆ సింహమునకు నడుము పట్టెడిది.

అట్టి మహావీరుడు ఒకనాటి సభలో, చప్పట్లు చాలలేదని తోచి, భీషణ ప్రతిజ్ఞ చేసెను.

"రేపు పొద్దుగూకంగ కొవ్వొత్తుల ర్యాలీ. అందరికన్న ముందట నేనుంట. నా చేతిల దీపం ఆరిందనుకో, మల్ల ఈ కాలనీల మైకు ముట్ట."

ఆయన మేడ మీద కిరాయికి ఉండు గుంటూరు వాసి మల్లికార్జునరావు, గేటుకు ఆనుకొని సిగరెట్టు కాల్చుచు ఇది వినెను. "గుర్తుపెట్టుకుంటామండీ" అని మాత్రము పలికెను. ఆ పలుకులోని తీయదనమునకు మధుకర్ మైకును రెండు చేతుల పట్టుకొనెను. ఏలయన మైకు లేని మధుకర్ అనగా ఎవరో ఆ గల్లీలో ఎవరికిని తెలియదు. మధుకర్‌కును తెలియదు.

కాలనీలోని కొవ్వొత్తులు కరెంటు కోతల పాలబడి ముక్కలుగా మిగిలి, కిరాణా కొట్లు వట్టిపోయిన కాలమది. ఇంట మిగిలినది గృహప్రవేశమునకు ఎవరో కానుకిచ్చిన గాజు గ్లాసు కొవ్వొత్తి ఒక్కటే. మధుకర్ దానిని బల్ల మీద నిలిపి లోపలికి చూచి నిర్విణ్ణుడయ్యెను. గ్లాసులో మైనము సమతలముగా లేదు. ఒక పక్కన గోడవలె నిలువెత్తు మైనము. మరొక పక్కన పాతాళబిలము వంటి గుంట. ఆ గుంట అడుగున, తల వంచి, సగము మునిగి, నల్లని వత్తి. అగ్గిపుల్ల వెంట అగ్గిపుల్ల గీసి, వేళ్లు కాల్చుకొని, సగము పెట్టె తగులబెట్టిన పిమ్మట వత్తి ఒకసారి వెలిగి, చుట్టుపక్కల కరిగిన మైనములో తానే మునిగి ఆరిపోయెను.

"ఎన్నడో చెప్పిన, అది సక్కగ కాలుతలేదని" అనెను ఆయన ఇల్లాలు కృష్ణకుమారి, చపాతీ పిండి పిసుకుచు. "మైకుల చెప్తే ఇనపడునేమో."

ఆ మాటకు రోషావేశపూరితుడై మధుకర్ లేచి నిలిచి, వంటింటిని బహిరంగసభగా భావించి పలికెను: "నిజాముకు వంగని మగ్గాల వంశం నాది. ఈ గడ్డ మీద పుట్టినోన్ని. గీ మైనం ముద్దకు వంగుతనా?"

"వంగింది మీరు గాదు, వత్తి. జర దాన్ని సూడుండ్రి."

వీరులకు సలహాలు రుచించవు. ఆయన ఖడ్గము వలె చెంచాను దూసి మైనపు గోడపై విరుచుకుపడెను. గోడ పెళ్లలుగా విరిగి వత్తి మీదనే కూలెను. అంతట ఆగ్నేయాస్త్రము గుర్తుకు వచ్చి, కృష్ణకుమారి జుట్టు ఆరబెట్టుకొను డ్రయ్యరును తెచ్చి, ప్లగ్గులో గుచ్చి, మైనమునకు గురిపెట్టి, స్విచ్చు నొక్కి, శత్రువు కరుగునని కన్నులార్పక నిలిచెను.

కృష్ణకుమారి పిండి పిసుకుట ఆపెను. "కరెంటుంటే కొవ్వొత్తి ఎందుకండి?"

మెట్ల మీద నుండి మల్లికార్జునరావు దగ్గు వినవచ్చెను. అది దగ్గు కాదని ముగ్గురకును తెలియును.

అప్పుడామె చేతులు కడుగుకొని వచ్చెను. పడిన పెళ్లలను తీసివేసి, తలపిన్నుతో వత్తిని పైకి లేపి, నడుమకు తెచ్చి నిలబెట్టి, మాడిన కొసను గోళ్ల కత్తెరతో పావు అంగుళము మిగులునట్లు కత్తిరించెను. గాలి తగులకుండ కిటికీ మూసి, వెలిగించెను. పిదప చపాతీలు చుట్టు వెండి కాగితమును గ్లాసు మూతికి టోపీ వలె కప్పి, నడుమ పొగ పోవుటకు రూపాయి బిళ్లంత కన్నము విడిచెను.

"గిదేంది?" అనెను సేనాధిపతి.

"దమ్. బిర్యానీకి ఎట్ల పెడ్తం? వేడి బయటికి పోకుంటే అంచులు గూడ కరుగుతయి."

చపాతీలన్నియు కాలునంతలో మైనపు గోడ మెత్తబడి, ఒరిగి, కరిగి గుంటను నింపెను. గాజు నుండి గాజు దాకా తళతళలాడు చదునైన కొలను. నడుమ నిటారుగా వత్తి. ఇల్లంతయు మల్లెల వాసన. మధుకర్ తానే సాధించినట్లు మీసము దువ్వెను.

సరిగా అప్పుడే కరెంటు వచ్చెను. పూజగది నుండి ఆయన తల్లి రాజమ్మ అగరుబత్తి పుల్ల పట్టుకొని వడివడిగా వచ్చి, కాగితము ఎత్తి, పుల్లతో వత్తిని మైనములో ముంచబోయెను.

"అమ్మా, ఏం జేస్తున్నవ్?"

"కొండెక్కిస్తున్న. రోజూ జేసేదే గద. దీపాన్ని నోటితోటి ఊదేటోళ్లు మనింట్ల ఎవ్వలున్నర్రా? కరెంటు రాంగనే పుల్లతోటి ముంచుత. ఊకె కాలితే కరాబైతది."

ఇన్నాళ్లు శత్రువు ఇంటిలోనే, ఎదురుగానే, భక్తితోనే ఉన్నది. నూనె దీపమునకు చేయు మర్యాదను ఆ తల్లి మైనమునకు చేసెను. నూనెలో మునిగిన వత్తి మరల లేచును. గడ్డకట్టు మైనములో మునిగినది వంగినచోటనే పాతుకొనును.

"అత్తమ్మా, కరిగింది అంచుదాక రాకముందే మొదటిసారే ఆపినం" అనెను కృష్ణకుమారి. "అందుకే రోజూ గాడనే గుంట పడ్డది. అంచు ముట్టినంకనే ఆర్పాలె. వత్తిని ముంచొద్దు."

"మరెట్ల?" అని రాజమ్మ పప్పుగిన్నె మూత తెచ్చి గ్లాసుపై పెట్టెను. జ్వాల శాంతించెను. వత్తి నిటారుగా నిలిచెను. "నోరు ముట్టలె, పుల్ల ముట్టలె" అని ఆమె తృప్తిపడి, ఆ మూత ఇక తనదేనని కొంగున దాచుకొనెను.

మరునాటి సంధ్య. కరెంటు పోయిన గల్లీలో జనము బారులు తీరెను. అగ్రభాగమున మధుకర్, చేత గాజు గ్లాసు, పక్కన తల్లి. వీచిన గాలికి వెనుకవారి కొవ్వొత్తి ముక్కలు ఒకటొకటిగా ఆరుచుండగా, గాజుకోటలోని జ్వాల చలింపక వెలుగుచుండెను. మధుకర్ రొమ్ము విరిచెను. గేటు వద్ద మల్లికార్జునరావు నిలుచుండి ఉండెను. మధుకర్ సరిగ్గా అతని ఎదుటికి రాగానే వీధి దీపములన్నియు ఒక్కసారిగా భగ్గున వెలిగెను.

రాజమ్మ చేయి తనంతట తానే కొంగులోకి పోయెను. టక్కున మూత పడెను.

కాలనీ అంతయు ఆ మూతను చూచెను.

"ఆరిపోయిందండీ మధుకర్ గారూ" అనెను మల్లికార్జునరావు.

"ఆరలె బాబూ, నేనే కొండెక్కిచ్చిన. కరెంటొచ్చింది గద" అనెను రాజమ్మ.

మల్లికార్జునరావు జేబులోంచి అగ్గిపెట్టె తీసి, తెరిచి చూపెను. అందులో ఉన్నది ఒకే పుల్ల. "నా సిగరెట్టుకి దాచుకున్నానండి. ఇదిగో. అంటుకుందా, మైకు మీదే. లేదంటే మేం ప్రశాంతంగా పడుకుంటాం."

సగము పెట్టెకు లొంగని ఆ వత్తి ముందు మధుకర్ ఆ ఒక్క పుల్లను అందుకొనెను. మూత ఎత్తెను. పుల్ల గీసెను. నిటారుగా, పావు అంగుళము, నడిమధ్యన నిలిచిన వత్తి, పుల్ల తాకీ తాకకముందే జ్వాలను అందుకొనెను.

జయము. దిక్కులు పిక్కటిల్ల, గల్లీ కుక్కలు బెదరిపోవ, ఒకే ఒక్క అగ్గిపుల్లతో ఒక కొవ్వొత్తి వెలిగెను. వత్తి కత్తిరించినది కృష్ణకుమారి, మూత కనిపెట్టినది రాజమ్మ, పుల్ల ఇచ్చినది మల్లికార్జునరావు. కనుక విజయము మధుకర్‌దని లోకము ఎరుగును. ఆయనకు మైకు దక్కెను. ఆ రాత్రి అన్నము వేళ దాటువరకు కాలనీ ఆ విజయమును భరించెను. రాజమ్మ మూత పట్టుకొని, ఆ మైకుకూ కొండెక్కు వేళ ఎప్పుడగునా అని ఎదురుచూచుచుండెను.