ట్యాంకరు వాన

ఆ శనివారం పొద్దున జెస్సీ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భోజనాల వేళకి వాన సీను షూటింగు ముగించడం, సాయంత్రానికి గుంటూరు చేరి ఎడిటింగుకి కూర్చోవడం. కాలేజీ షార్ట్ ఫిల్ముల పోటీకి సోమవారంలోగా సినిమా ఇచ్చేయాలి. మిగతా సీన్లన్నీ అయిపోయాయి. హీరో తన మనసులో మాట హీరోయిన్‌కి చెప్పేది చివర్లో, జోరువానలో. ఆ ఒక్కటే మిగిలింది. వాన లేకపోతే ఈ సినిమా లేదని డైరెక్టరు హోదాలో జెస్సీ మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉంది.

మార్చి నెలాఖరులో వాన ఎక్కణ్ణించి తెస్తావని అడిగిన వాళ్ళకి ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. నల్లపాడు అవతల పల్లెలో ఉండే ఆమె మేనమామ జక్రయ్య నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు.

"ఓస్, వానే గదా! పైరుకి మందు కొట్టే గన్ను పెడితే తుంపర. గొట్టానికి బెజ్జాలు కొడితే జోరువాన. నీకేది కావాలో చెప్పు" అన్నాడాయన ముందు రోజు ఫోన్లో. ఆ ఉత్సాహంలో ఈ సంగతి భార్య రెబ్కాకి చెప్పడం మాత్రం మానేశాడు. చెబితే వేసవిలో నీళ్ళు పారబోస్తావా అని ఆవిడ తిడుతుందని ఆయన భయం.

పత్తి తీసేసిన చేలో, ఎండిన కట్టెల మధ్య, నలుగురూ పొద్దున్నే దిగారు. కెమెరా పట్టుకున్నవాడు త్రినాథ్. ఆ కెమెరా వాళ్ళ పెదనాన్న కొడుకు పెళ్ళిళ్ళు తీసేది. హీరో ఏసుబాబుకి ఉన్నది ఒకటే తెల్లచొక్కా. హీరోయిన్ శ్రీరమ్య ఒక్కసారే తడుస్తానని ముందే షరతు పెట్టి వచ్చింది.

చేనుకి, ఊరికి మధ్య మిరప కళ్ళాలున్నాయి. కనుచూపుమేర ఎరుపు. ఏడాదంతా పడిన కష్టం కోతకొచ్చి, ఎండకోసం నేలమీద పరుచుకుని ఉంది. కాయ ఎండి టిక్కీ బస్తాల్లోకి ఎక్కేదాకా ఆ ఊళ్ళో వాన అన్న మాట ఎవరూ సరదాకి కూడా అనరు. గుంటూరులో పుట్టి పెరిగిన జెస్సీకి ఈ సంగతి అంతగా తట్టలేదు.

ఎండ ఎక్కుతోంది, మావయ్య జాడ లేదు. జెస్సీ ఫోను చేసింది. జక్రయ్య ఫోను ఇంట్లో మరిచిపోయాడనీ, దాన్ని రెబ్కా కొంగున కట్టుకుని చెంచురామయ్యగారి కళ్ళంలో రంగు పోయిన తాలు కాయలు ఏరడానికి వెళ్ళిందనీ ఆమెకి తెలియదు. అవతల ఎవరో ఎత్తారు. అంతే, జెస్సీ అందుకుంది.

"ఇంకా రాలేదేంటి? వాన కోసమే చూస్తున్నాం. పెద్ద వానే కావాలి!"

సరిగ్గా అప్పుడే ట్రాక్టరు దడదడలాడుతూ చేలోకి తిరిగింది. "ఆ, వచ్చేసింది, వచ్చేసింది! పెద్ద వానే!" అని అరిచి ఫోను పెట్టేసింది.

పదిమంది ఆడవాళ్ళ మాటల మధ్య రెబ్కా చెవిన పడినవి మూడే ముక్కలు: వాన, పెద్ద వాన, వచ్చేసింది. వెనక వినపడిన ట్రాక్టరు చప్పుడు ఆవిడకి ఉరుములా తోచింది. గుంటూరులో ఉన్న మేనకోడలు పనిగట్టుకుని ఫోను చేసిందంటే మాటలా?

ఇక్కడ చేలో జక్రయ్య మోటారు వేశాడు. నీళ్ళు పైకి లేచి, బెజ్జాల్లోంచి విడిపోయి, ఏసుబాబు నెత్తిన కుండపోతగా పడ్డాయి. ఏసుబాబు ప్రేమగా నోరు తెరిచాడు. నోటినిండా నీళ్ళు పోయాయి. ఇంతలో త్రినాథ్ కేక పెట్టాడు.

"ఒసేయ్ జెస్సీ, ఇంద్రధనస్సు పడిందే! సరిగ్గా వాడి నెత్తిమీద!"

"కట్! ప్రేమ చెప్పేటప్పుడు నెత్తిన ఇంద్రధనస్సేందిరా? సబ్బు ప్రకటన తీస్తున్నామా మనం?"

ఇంద్రధనస్సు కెమెరాలో పడకుండా ట్యాంకరు అటు తిప్పాలి. ఈలోగా హీరో పొడి చొక్కా వేసుకోవాలి. మావయ్య ఇంటికెళ్ళి ఏదో ఒకటి తెచ్చుకొమ్మని ఏసుబాబుని ఊళ్ళోకి పంపించింది జెస్సీ. వాడు జక్రయ్య ఆదివారం చర్చికి వేసుకునే చొక్కా తొడుక్కుని, జుట్టులోంచి ఇంకా నీళ్ళు కారుతుండగా, వెలిగిపోతున్న మొహంతో తిరిగొచ్చాడు.

"ఊళ్ళో నన్ను చూసి జనం ఆగిపోతున్నారే! ఒక పెద్దాయన బండాపి మరీ, ఎక్కడ పడిందిరా అబ్బాయ్ అనడిగాడు. పత్తి చేలో, కుమ్మేసింది అన్నా. ఇంకా ఉందా అన్నాడు. ఇంకో రెండు సార్లు పడద్దండీ అన్నా. ఆయన బండి తిప్పుకుని ఒకటే పరుగు! షూటింగు చూడ్డానికి జనాన్ని తోలుకొస్తాడేమో."

"జనం వస్తే ఫ్రేములో పడతారు" అని జెస్సీ విసుక్కుంది.

జనం రాలేదు. చర్చి మైకు మాత్రం కీచుమని మోగింది. సంఘ పెద్ద తోమా గొంతు చేల మీదుగా తేలి వచ్చింది. "ఊరందరికీ మనవి! పెద్ద వాన వచ్చేస్తా ఉంది. పత్తి చేల వైపు ఇప్పటికే కుమ్మేసిందంట. ఎక్కడి పనులక్కడ వదిలేసి కళ్ళాల మీద పట్టాలు కప్పుకోండి!"

జెస్సీ ఎగిరి గంతేసింది. "ఒరేయ్, నిజం వానరా! మావయ్యా, మోటారు ఆపెయ్. త్రినాథ్, కెమెరా పైకి పెట్టు. శ్రీరమ్యా, ఒక్కసారే తడుద్దువుగాని, నిజంగా తడుద్దువుగాని!"

నలుగురూ మెడలు పైకెత్తి నిలబడ్డారు. ఆకాశం తోమిన పళ్ళెంలా మెరుస్తోంది. ఎంతసేపు చూసినా పీచు మిఠాయంత మబ్బైనా కనపడలేదు. ట్రాక్టరు మీద కూర్చున్న జక్రయ్య గడ్డం గోక్కున్నాడు.

"అమ్మాయ్, పత్తి చేల వైపు కుమ్మేసిందంటన్నాడు. పత్తి చేల వైపున్నది మనమే గదమ్మా."

మైకు మళ్ళీ అందుకుంది. "ఈ కబురు మన జక్రయ్య మేనకోడలు జెస్సమ్మ గుంటూరు నుంచి ఫోను చేసి చెప్పింది. చదువుకున్న పిల్ల, మబ్బుల్ని ఫోన్లోనే చూసింది. దేవుడు ఆ బిడ్డని దీవించును గాక!"

పొద్దున ఫోను ఎత్తిన గొంతు 'ఆఁ' అని ఊరుకుందే తప్ప, మావయ్యలా 'ఏందమ్మాయ్' అనలేదని జెస్సీకి అప్పుడు గుర్తొచ్చింది. అందరూ ఊరి వైపు పరిగెత్తారు, వెనకే ట్రాక్టరు మీద జక్రయ్య.

కళ్ళాల దగ్గర ఊరు ఊరంతా ఉంది. టార్పాలిన్ పట్టాలు చాలనివాళ్ళు దుప్పట్లు తెచ్చారు. దుప్పట్లు చాలనివాళ్ళు పుట్టినరోజు ఫ్లెక్సీలు పీక్కొచ్చారు. ఎర్రటి కాయల మీద నాయకులు వెల్లకిలా పడుకుని చేతులు జోడించి నవ్వుతున్నారు.

"వాన రాదండీ! ఆపండి!" జెస్సీ గొంతు చించుకుంది.

చెంచురామయ్య భార్య కోటిరత్నం పట్టా అంచు మీద రాయి పెడుతూ తలెత్తింది. "అదేందమ్మా, వస్తందని చెప్పింది నువ్వేనంటగా?"

"నేను చెప్పలేదు పిన్నిగారూ!"

"మరి ఈ పిల్లోడు తడిసిందెట్టా?"

"అది... మా వాన."

ఆ తర్వాత ట్యాంకరు గురించీ, బెజ్జాల గొట్టం గురించీ చెప్పక తప్పలేదు. రెబ్కా అంతా విని, పమిట బిగించి మొగుడి వైపు చూసిన చూపుకి జక్రయ్య ట్రాక్టరు వెనక్కి తప్పుకున్నాడు. నవ్వేవాళ్ళు నవ్వారు. చెంచురామయ్య మాత్రం నవ్వలేదు. ఊళ్ళోకెల్లా పెద్ద కళ్ళం ఆయనది. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా కప్పిందీ ఆయనే.

"ఈ ఎండకి పట్టా కింద కాయ ఉడికిపోద్దని తెలుసా నీకు? చెమ్మ పట్టి తెల్లబడితే ఎవడన్నా చూస్తాడా దాని మొహం?" ఆయన గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. అది విన్నాక జెస్సీకి సినిమా సంగతి గుర్తు రాలేదు.

"తప్పే రామయ్యగారూ. ఏం చెయ్యమంటారో చెప్పండి."

"కప్పించింది నువ్వు, తియ్యాల్సిందీ నువ్వే. నీ బృందమంతా. ఒక్క కళ్ళం మిగలకూడదు. ముందు నాది."

నలుగురూ పట్టాలకి నాలుగు వైపులా చేరారు. మూసిన మిరపకాయ మీద పట్టా లేపితే వచ్చే ఘాటు ఎలా ఉంటుందో వాళ్ళకి మొదటి లాగుకే అర్థమైంది. ఏసుబాబు ఆగకుండా తుమ్ముతూ పని చేశాడు. త్రినాథ్ ముక్కుకి గుడ్డ కట్టుకుని దొంగలా తయారయ్యాడు. విషాద సీన్లలో ఎంత బతిమాలినా చుక్క కన్నీరు రాల్చని శ్రీరమ్యకి చెంపల మీదుగా ధారలు కట్టాయి. వృథాగా పోతున్న ఆ కన్నీళ్ళని చూసి జెస్సీ నిట్టూర్చింది.

చెంచురామయ్య కళ్ళం మొత్తం తెరిచేసరికి నడినెత్తిన సూర్యుడు పక్కకి వాలాడు. ఆయన గట్టు మీద కూర్చుని, మళ్ళీ ఎండ తాగుతున్న తన కాయల్ని చూసుకుని తృప్తిగా చుట్ట వెలిగించాడు. పక్క కళ్ళానికి కదలబోతున్న వాళ్ళని రెబ్కా ఆపింది.

"పిల్లలు కళ్ళు తిరిగి పడేట్టున్నారు. ముద్ద తిని తీస్తార్లే. ఆ కాస్తకే ఏం కొంపలు మునగవు."

కళ్ళం పక్కనే కూర్చుని గోంగూర పచ్చడి కలుపుకుంటూ జెస్సీ యథాలాపంగా తలెత్తింది. పడమటి వైపు ఆకాశం నల్లగా ఉంది. గాలి ఒక్కసారిగా చల్లబడింది. ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నోరు తెరిచింది గానీ, ఆ మాట ఆ రోజు ఆ ఊళ్ళో మళ్ళీ పలికే ధైర్యం చాలలేదు.

"రామయ్యగారూ..."

"ఏంది మళ్ళీ?"

"ఏం లేదండీ. నేనేం అనడం లేదు. మీరే ఒకసారి పైకి చూస్తారేమోనని."

ఆయన పైకి చూసేలోగా ఉరిమింది. ఈసారి అది ట్రాక్టరు కాదు.

"కళ్ళం! నా కళ్ళం!" చుట్ట ఎగిరి ఎక్కడో పడింది. ఊళ్ళో కళ్ళాలన్నీ భద్రంగా కప్పి ఉన్నాయి. తెరిచి ఉన్నది ఆయనదొక్కటే. తమ కాయలకి దిగుల్లేని ఊరు మొత్తం ఆ ఒక్క కళ్ళం మీదికి ఉరికింది. పొద్దున ఫ్లెక్సీలు పీక్కొచ్చిన చేతులే ఇప్పుడు పట్టాలు లాగుతున్నాయి. మొదటి చినుకులు పడ్డాయో లేదో, కుండపోత మొదలైంది.

ఒక మూల ఏసుబాబు, ఎదురు మూల శ్రీరమ్య. మధ్యలో తెరచాపలా ఎగురుతున్న పట్టా. తన మూల మీద మోకాళ్ళేసి కూర్చున్న జెస్సీకి ఆ దృశ్యం కనపడింది. డైరెక్టరు మళ్ళీ లేచి కూర్చుంది.

"త్రినాథ్! కెమెరా!"

త్రినాథ్ అప్పటికే కెమెరాని ఖాళీ ఎరువుల సంచిలో దూర్చి, సంచికి కంత పెట్టి తీస్తున్నాడు.

"ఏసూ, పట్టా వదలొద్దు! డైలాగు చెప్పు!"

ఏసుబాబుకి డైలాగు మొత్తం మరుపుకొచ్చింది, ఒక్క ముక్క తప్ప. ఉరుములకి మించి అరిచాడు. "నువ్వంటే నాకిష్టం!"

హీరోయిన్ బదులుగా చెప్పాల్సిన రెండు పేజీల కవిత్వం జెస్సీ రాత్రుళ్ళు మేలుకుని రాసింది. శ్రీరమ్య మొహం మీద నీళ్ళు విదిలించుకుని అరిచింది. "ముందా మూల గట్టిగా పట్టుకోరా!"

"అదీ మాట! పట్టుకోరా అబ్బాయ్, ఇష్టం ఎక్కడికి పోద్ది!" అన్నాడు చెంచురామయ్య, ఫ్రేములోకి నడిచొచ్చి, ఏసుబాబు పక్కన పట్టా మీద బోర్లా పడిపోతూ.

"ఓకే! కట్!" అంది జెస్సీ. ఆ రోజంతటికీ ఆమె నోట మనస్ఫూర్తిగా వచ్చిన మొదటి ఓకే అది.

వాన వెలిశాక పట్టాలు లేపి చూశారు. అంచున ఒక వరస తడిసిందంతే. మిగతా ఊళ్ళో ఒక్క కాయకి కూడా చెమ్మ అంటలేదు. చెంచురామయ్య చాలాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి జెస్సీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"రేపెట్టా ఉంటదమ్మా?"

"నాకు తెలీదండీ! పొద్దున చెప్పింది ట్యాంకరు గురించి!"

"అట్టాగేలే. అందరి ముందూ చెప్పబాకు. నాకొక్కడికే ఫోను చెయ్యి."

తనకి వాన జాడ తెలియదని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఆ నెలంతా జెస్సీ ఫోను మోగుతూనే ఉంది. పట్టా తియ్యమంటావా, కాయ ఎత్తమంటావా అని. పరీక్ష హాలు మెట్ల మీద నిలబడి కూడా ఆమె ఆకాశం చూసి జవాబు చెప్పింది. మొదట్లో మొహమాటానికి చెప్పింది గానీ, తర్వాత్తర్వాత కాస్త ఇష్టంగానే చెప్పింది.

సినిమాకి రెండో బహుమతి వచ్చింది. బహుమతి ప్రదానానికి ఊరి నుంచి ట్రాక్టరు నిండా జనం వచ్చారు. జడ్జిగారు మైకు అందుకుని, నటన చాలా సహజంగా ఉందన్నారు. పట్టా మీద పడిన పెద్దాయన అద్భుతమన్నారు. "లోపం ఒక్కటే. ఆ వాన చూడగానే తెలిసిపోతోంది, ట్యాంకరుతో కురిపించిందని. ఇంకొంచెం శ్రద్ధ పెట్టి ఉంటే మొదటి బహుమతి వచ్చేది" అన్నారు.

రెండో వరసలో చర్చి చొక్కాలో కూర్చున్న జక్రయ్య పక్కాయన వైపు వంగి, నొచ్చుకున్న గొంతుతో అన్నాడు. "మా ట్యాంకరు వాన ఇంతకంటే బాగుంటదండీ."