ముగ్గురు నవలాకారులూ ఒక ఫ్లెక్సీ

ఆ ఆదివారం పొద్దున లేస్తూనే అమరావతి ఒకటే అనుకుంది. మిన్ను విరిగి మీద పడినా సాయంత్రం సభ జరిగి తీరాలి. 'నవలలో రాజకీయం ఎంత?' అన్నది చర్చ. పుంగనూరు నుంచి జావీద్, కుప్పం నుంచి సురేంద్ర వస్తున్నారు. ముగ్గురూ నవలలు రాసేవాళ్లే. చదివేవాళ్లెక్కడున్నారో ముగ్గురికీ తెలియదు. పోయిన నెల సభకు మైకు అతనొక్కడే వచ్చాడు, అదీ మైకు తనది కాబట్టి.

హాలు చూసుకునే శ్రీరాములు అప్పుడే తేల్చేశాడు. "ఈతూరి గూడా కుర్చీలు ఖాళీగా ఉంటే హాలు కుట్టుమిషన్ల క్లాసుకి ఇచ్చేస్తామమ్మా." మదనపల్లెలో సాహిత్యానికి మిగిలిన నీడ అదొక్కటే. అదీ పోతుందంటే ఆమెకు ముద్ద దిగలేదు.

అందుకే ఫ్లెక్సీ వేయించింది. కొట్టు యజమాని బాబు సాహెబ్ ఆమె చేత చేతులు జోడింపజేసి ఫొటో తీశాడు. మిగతా ఇద్దరికీ కంప్యూటర్లో ఎవరివో జోడించిన చేతులు అతికించాడు. "దండం పెట్టకుంటే ఎవురు సూస్తారమ్మా. మా కొట్లో అందరికీ ఇట్లే ఏస్తాం," అన్నాడు. 'రాజకీయం' అన్న మాట బండంత అయింది. 'నవల' కింద మూలన సర్దుకుంది.

మున్సిపల్ ఎన్నికల మాట ఊళ్లో నలుగుతున్న రోజులవి. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేచిన కాసేపటికే అమరావతి ఇంటి ముందు ఖాళీ బిందెలతో ఆడవాళ్లు దిగారు. అందరికంటే ముందు నిలబడింది వెనక వీధి మంగమ్మ.

"ఏ వార్డుకి నిలబడతాండావమ్మా? మా వీధికి కొళాయి యాల రాలేదో ముందు అది చెప్పు."

"నేను నిలబడేది లేదు మంగమ్మా. కూర్చోని నవల రాసుకుంటాను."

"అందురూ మొదుట్లో అట్లే అంటారు. సాయంత్రం మీటింగుకి వస్తాములే."

ఆ మాట చిలవలు పలవలై, టమోటా మండీ దాటేసరికి ముగ్గురూ కలిసి కొత్త పార్టీ పెడుతున్నారని స్థిరపడిపోయింది. జావీద్ బస్సు దిగగానే మెడలో ఒక దండ పడింది. సురేంద్రకు రెండు పడ్డాయి. జావీద్ అది గమనించాడు.

సాయంత్రానికి శ్రీరాములు హాలుకు తాళం వేసుకుని మెట్ల మీద కూర్చున్నాడు. "పార్టీ మీటింగులకి ఇయ్యకూడదమ్మా. నా ఉద్యోగం పోతాది."

"కుర్చీలు ఖాళీగా ఉంటే ఇయ్యనంటివి. నిండినా ఇయ్యకపోతే ఎట్లప్పా?" అంది అమరావతి. "తాళం తీస్తావా, ఈ మెట్ల మీదనే మొదులుపెట్టల్లా?"

ఆమె వెనక మూడు వీధుల జనం ఉన్నారు. శ్రీరాములు తాళం తీశాడు.

హాలు నిండిపోయింది. అమరావతికి సంతోషమూ సిగ్గూ ఒక్కసారే వచ్చాయి. నోరు మూసుకుంటే గండం గడుస్తుంది. కానీ అబద్ధంతో నిండిన హాలు ఆమెకు అక్కర్లేదు. మైకు తీసుకుంది.

"మేము పార్టీ పెట్టలా. కథలు రాసేవాళ్లం. కొళాయి తెప్పించే శక్తి మాకు లేదు. పోయేవాళ్లు పోవచ్చు."

సగం మంది లేచారు. సురేంద్ర గబగబా మైకు అందుకున్నాడు.

"నిజానికి నవలకు రాజకీయంతో పని లేదు. మనిషి బాధ చాలు."

జావీద్ మైకు లాక్కున్నాడు. రెండు దండల మంట ఇంకా ఆరలేదు. "బిందె మోసే మనిషి బాధ రాస్తావు, ఎవురు మోయిస్తాండారో రాయవు. అదేం నవలప్పా?"

"అది రాస్తే కరపత్రమవుతాది."

"రాయకపోతే పిరికితనమవుతాది."

లేచినవాళ్లు కూర్చున్నారు. "పార్టీ పెట్టకముందే చీలిపోయిరి," అంది మంగమ్మ తృప్తిగా. జనం కుర్చీలు అటూ ఇటూ జరుపుకొని రెండు వర్గాలయ్యారు. దీపాలు పెట్టాక కూడా నవలలో ఏముండాలో వాదించుకుంటూనే ఉన్నారు. ఎవరి మాటా ఎవరికీ వినిపించని ఆ గోలలో అమరావతి కళ్లు తుడుచుకుంది.

హాలు దక్కింది. మరుసటి నెల సభకు పిలవడానికి వెళితే మంగమ్మ అభయమిచ్చింది. "మాది జావీద్ వర్గం. ఆ రెండు దండలాయప్ప గెలవకుండా సూసుకుంటాములే."

వెనక వీధికి కొళాయి ఇంకా రాలేదు గానీ, సురేంద్ర కొత్త నవలలో మాత్రం వచ్చింది.